పోస్టు, పీడీఎఫ్, క్యూఆర్ కోడ్: ఆరేళ్ల వాడకం తర్వాత

మాది తెనాలిలో అచ్చయ్యే చిన్న సాహిత్య మాసపత్రిక. ఏడెనిమిది వందల కాపీలు. 2020 లాక్‌డౌన్‌లో అచ్చు ఆగిపోయి మొదటిసారి పీడీఎఫ్ పంపాం. అప్పటినుంచి పత్రికను పాఠకుడికి, డబ్బును మాకు చేర్చే దారులు ఎన్నో మార్చి చూశాను.

ముందు పాతదే చెబుతాను. రిజిస్టరైన పత్రికకు పోస్టులో రాయితీ ఉంది: 50 గ్రాముల లోపు పావలా, 100 గ్రాముల లోపు అర్ధరూపాయి. మా 64 పేజీల సంచిక 70 గ్రాములు తూగుతుంది. అంటే అర్ధరూపాయితో అమలాపురమైనా ఆదిలాబాదైనా వెళ్తుంది. ఇంతకంటే చవకైన దారి నాకు కనిపించలేదు. కాకపోతే సంచికకూ సంచికకూ మధ్య 31 రోజులు దాటకూడదు; త్రైమాసికాల వాళ్లకు ఈ అదృష్టం లేదు. ట్రాకింగ్ కూడా ఉండదు. "ఏమండీ, ఈ నెల పుస్తకం రాలేదు" అని ఫోనొస్తే ఇంకో కాపీ పంపడమే. సగం సార్లు వాళ్లు ఇల్లు మారి మాకు చెప్పి ఉండరు. పాత సంచికల కట్టలకు రిజిస్టర్డ్ బుక్ పోస్టు (పుస్తకాలను తక్కువ ఖర్చుతో రిజిస్టరు చేసి పంపే పద్ధతి) బాగా పనికొచ్చేది. 2024 డిసెంబరులో దాన్ని తీసేశారు.

పుస్తకాల షాపుల సంగతి ఒక్క మాటలో: మూడో వంతు కమిషను, ఆపైన అమ్ముడవని కాపీల రిటర్నులు. మానేశాం.

డిజిటల్ వేదిక ఒకదానిలో రెండేళ్లున్నాం. కమిషను కన్నా నన్ను బాధపెట్టింది వేరు. కొన్నవాళ్ల పేరు, ఊరు మాకు ఇవ్వరు. "ఈ నెల 41 డౌన్‌లోడ్లు" అని మాత్రం చెబుతారు. ఆ నలభై ఒక్క మందిలో ఒక్కరికీ "మీ చందా అయిపోయింది" అని కార్డు రాయలేను. చిన్న పత్రికకు ఆస్తంటే చిరునామాల రిజిస్టరే, దాన్ని చేజార్చుకుని చేసే వ్యాపారం నాకు నచ్చలేదు. పీడీఎఫ్ మాత్రం ఉంచాం, విదేశాల్లో ఉన్నవాళ్ల కోసం. ఎయిర్ మెయిలు ఖర్చు ఏడాది చందాను మింగేస్తుంది. డబ్బు ఊళ్లో ఉన్న అమ్మానాన్నలే కడుతుంటారు.

యూపీఐ ఆటోపే మీద చాలా ఆశపెట్టుకున్నాను. ఏటా చందా 300 రూపాయలు పాఠకుడి ఖాతా నుంచి దానంతటదే వచ్చేస్తుందనుకున్నాను. డబ్బు తీసుకునే ముందు, కనీసం 24 గంటల ముందే కస్టమరుకు మెసేజ్ వెళ్లాలని నిబంధన. మా పాఠకుల్లో రిటైరైన మాస్టార్లే ఎక్కువ. ఆ మెసేజ్ చూడగానే టెన్షన్ పడి, మోసమేమోనని రద్దు చేసేశారు. ఇద్దరు నాకు ఫోన్ చేసి జాగ్రత్తగా ఉండమని కూడా చెప్పారు!

నిలబడింది మామూలు క్యూఆర్ కోడే. పత్రికకు చుట్టే రేపరు మీద చిరునామా పక్కన చందా ఏ నెలతో ముగుస్తుందో వేసి, కింద కోడ్ ముద్రిస్తున్నాం. మనియార్డరు ఫారం నింపడానికి బద్ధకించినవాళ్లు కూడా మనవడి చేత స్కాన్ చేయిస్తున్నారు. కట్టాక స్క్రీన్‌షాట్‌తో పాటు పూర్తి చిరునామా పంపమని పెద్దక్షరాల్లో రాయాలి. లేకపోతే 300 పంపినదెవరో వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

అసలు దెబ్బ జీవిత చందా. పాతికేళ్ల కిందట వెయ్యి రూపాయలకు ఇచ్చాం. ఆ రోజుల్లో బ్యాంకు వడ్డీతోనే గడిచిపోయేది. ఇప్పుడు ఆ వెయ్యి నాలుగేళ్ల చందాకు కూడా చాలదు. 2022లో ఆపేసి అయిదేళ్ల చందా పెట్టాం. పాతవాళ్లు ఇంకా నూట నలభై మంది ఉన్నారు. మొన్న వాళ్లలో ఒకరి అబ్బాయి ఫోన్ చేశాడు: "నాన్నగారు పోయారండీ. పుస్తకం మాత్రం ఆపకండి, అమ్మ చదువుతుంది." ఆపలేదు.