పర్లాకిమిడి మినీ థియేటర్: తెరకి నాలుగు స్టార్లు, సౌండుకి ఒకటి

పర్లాకిమిడిలో ప్యాలెస్ వైపు వెళ్ళే సందులో గంటల లెక్కన అద్దెకిచ్చే మినీ థియేటర్ పెట్టారు. ఎక్కువగా పుట్టినరోజుల బేరమే. ప్లస్ టూ సైన్సు పరీక్షలు అయిపోయాయని మా మేనల్లుణ్ణి తీసుకెళ్ళాను. రెండు గంటలకి 800. బెలూన్లు వద్దంటే వంద తగ్గించారు. సినిమా మనిష్టమే కాబట్టి 'గ్రావిటీ' (2013) అనే అంతరిక్షం సినిమా పెట్టమన్నాను. గంటన్నర సినిమా, స్లాటులో సరిపోతుంది.

సోఫాలు శుభ్రంగా ఉన్నాయి. తెర బాగుంది, నలుపు నలుపుగానే కనిపించింది. ఇక మంచి అయిపోయింది.

నేను డిష్షులు బిగించేవాణ్ణి. సినిమాలో సైంటిస్టు ఎంత పెద్ద మాటన్నా నాకు చెవికెక్కదు, చేతిలో పని కనబడాలి. ఇందులో కనబడుతుంది. భూమి చుట్టూ తిరిగే హబుల్ టెలిస్కోపు దగ్గర హీరోయిన్ పని చేస్తుంటే ఒక బోల్టు చెయ్యి జారి తేలిపోతుంది. డాబా మీద బోల్టు జారి కాలవలో పడ్డవాడికి తెలుస్తుంది ఆ బాధ. రేడియో తెగిపోయాక కూడా నాసా కంట్రోల్ రూము ఉన్న హ్యూస్టన్‌ని పిలుస్తూ 'హ్యూస్టన్ ఇన్ ద బ్లైండ్' అంటూ తన సంగతి చెప్పుకుపోతుంది. మన మాట అవతలికి చేరుతుందో లేదో తెలియనప్పుడు నిజంగా అలాగే మాట్లాడతారు. నేను డిష్షు తిప్పుతూ కింద టీవీ ముందున్నవాళ్ళకి ఫోన్లో 'ఇప్పుడొచ్చిందా, ఇప్పుడో' అని వాగుతూ ఉండడం లాంటిదే.

శూన్యంలో గాలి లేదు, శబ్దం నడవదు. అందుకే ఇందులో బయట ఏం పగిలినా చప్పుడుండదు. సంగీతం మోగుతుంది, లేదా పట్టుకున్న పనిముట్టు అదురు సూటు లోపలికి మందంగా వస్తుంది. సౌండుకే రెండు ఆస్కార్లు ఇచ్చారు దీనికి. మొదట్లో సంగీతం పెరిగి పెరిగి టక్కున ఆగిపోయే చోట, కౌంటర్లో కుర్రాడు పరిగెత్తుకొచ్చి వైర్లు కదిపాడు! 'సినిమాయే అంత బాబూ' అంటే నమ్మలేదు. ఆ నిశ్శబ్దంలోకి పక్కగదిలో హేపీ బర్త్‌డే పాట దూరింది. మధ్య గోడ ప్లైవుడ్డే మరి. రేడియో గొంతులు చుట్టూ తిరగాల్సిన చోట అన్నీ ముందునుంచే వస్తున్నాయి. అనుమానమొచ్చి ఫోను లైటు వేసి చూస్తే వెనక గోడకి రెండు స్పీకర్లు తగిలించారు గాని వైరే లేదు. వూఫరు కూడా సోఫా వెనక ఊరికే పడి ఉంది. ఇంత డబ్బు తీసుకుని అలంకారానికి పెడతారా?

సినిమాలోనూ బొక్కలున్నాయి. మొదటి అక్షరాలే 600 కిలోమీటర్ల ఎత్తు అంటాయి. ఆ ఎత్తులో తిరిగే ఉపగ్రహ శకలాలు కొట్టి కమ్యూనికేషన్ ఉపగ్రహాలు పోయాయంటారు. టీవీ ఉపగ్రహాలుండేది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున. దూరదర్శన్ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం కూడా అక్కడే, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, భూమితో పాటే తిరుగుతూ ఒకేచోట కూర్చున్నట్టుంటుంది. అందుకే మన డిష్షు ఒకసారి బిగిస్తే కదలదు. హ్యూస్టన్‌కి మాటలు చేరవేసే నాసా ఉపగ్రహాలూ ఆ ఎత్తులోనివే. కింద తిరిగే చెత్త అంత పైకి ఎక్కదు.

మావాడు ఇంకోటి పట్టాడు. 'భూమధ్యరేఖకి హబుల్ కక్ష్య వాలు 28.5 డిగ్రీలు, స్పేస్ స్టేషనుది 51.6. వీపుకున్న జెట్‌ప్యాకుతో ఇక్కణ్ణుంచి అక్కడికి ఎలగెళ్ళిపోతారు మావయ్యా?' వెళ్ళలేరు, అంత వాలు మార్చాలంటే రాకెట్టంత ఇంధనం కావాలి. ఐనా ఆ బోల్టు చూశాక వాటిని నేను మాఫీ చేసేశాను. మావాడు చెయ్యలేదు.

పాతపట్నం నుంచి వచ్చేవాళ్ళకి ఒక మాట: ఉదయం స్లాటు తీసుకోండి, అప్పుడు పక్కగదిలో పార్టీలుండవు. డబ్బు కట్టకముందే వెనక స్పీకర్లు మోగించి చూపించమనండి. ఓనరుతో మాట్లాడాను, వైరు లాగిస్తానన్నారు. లాగిస్తే ఇంకో రెండు స్టార్లు కలుపుతాను.