డాక్టరుకి అయిదు స్టార్లు, బిల్డింగుకి రెండే

మొదటే చెప్పేస్తా, ఇది డాక్టర్ల మీద రివ్యూ కాదు. మాయమ్మకి గాల్ బ్లాడర్‌లో రాళ్లుంటే ఈ ఆస్పత్రిలో ఆపరేషన్ చేయించినాం, బ్రహ్మాండంగా చేసినారు, సర్జన్ సార్ ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పే మనిషి, సిస్టర్లు కూడా అర్ధరాత్రి పిలిచినా మొహం చిట్లించకుండా వచ్చినారు. వాళ్లకి అయిదుకి అయిదు. ఆస్పత్రి పేరు రాయడం లేదు, ఎందుకంటే అనంతపురంలో ఈ మధ్య లేచిన బిల్డింగులు చాలా వాటిది ఇదే కథ, ఒక్కరిని పట్టుకుని దులపడం న్యాయం కాదు. నేను మార్కులు వేస్తున్నది బిల్డింగుకి. రెండు స్టార్లు, అందులో ఒకటి వెనక సందులో ఉండే వేపచెట్టుది.

లోపలికి పోంగానే లాబీ చూస్తే కళ్లు తిరుగుతాయి. గోడ మీద నుంచి నీళ్లు కారే ఫౌంటెను, నల్ల గ్రానైటు, పైన వేలాడే పెద్ద లైట్లు, పెళ్లి రిసెప్షనుకి వచ్చినామేమో అనిపిస్తాది. బాగుంది, కాదనను. కానీ పేషెంటు ఆ లాబీలో ఉండేది పది నిమిషాలు, బిల్లు కట్టేటప్పుడు ఇంకో పది నిమిషాలు. మిగతా టైమంతా పైన మంచం మీదే కదా, ఆ మంచం దగ్గరికొచ్చేసరికి డబ్బులు అయిపోయినట్టుంది పాపం.

మంచం మీద పడుకుంటే కనపడేదేంది అని ఎవరూ పడుకుని చూసినట్టు లేదు. మాయమ్మ లేచి బాత్రూమ్‌కి పోయినప్పుడు నేను ఒకసారి ఆ మంచం మీద వాలినా, సరిగ్గా కంటికి ఎదురుగా ఎల్‌ఈడీ ప్యానెల్, తెల్లగా, కళ్లలో గుచ్చినట్టు. నిలబడినోళ్లకి ఆ లైటు తెలియను కూడా తెలీదు. స్విచ్చి మాత్రం తలుపు దగ్గర, కుట్లు పడిన మనిషి లేచిపోయి ఆర్పుకోవల్ల. ఫిన్లాండులో పైమియో అనే చోట ఒక శానిటోరియం, అంటే టీబీ పేషెంట్లని నెలల తరబడి ఉంచే ఆస్పత్రి, 1933లో పూర్తయింది, కట్టింది ఆల్వార్ ఆల్టో అనే ఆర్కిటెక్ట్. ఆయన రూమ్ మొత్తాన్ని పడుకున్న మనిషి వైపు నుంచి ఆలోచించి గీసినాడు. లైటు పేషెంటు కంట్లో పడని చోట పెట్టినాడు, సీలింగుకి కంటికి హాయిగా ఉండే ముదురు రంగు వేయించినాడు, ఇంకా నాకు బాగా నచ్చింది వాష్‌బేసిన్, నీళ్లు పడితే చప్పుడు రాకుండా దాని వాలు లెక్కగట్టి చేయించినాడు, పక్క మంచం మనిషికి నిద్ర చెడకూడదని. తొంభై ఏళ్ల కిందటి మాట ఇది. మనకి లాబీలో ఫౌంటెను చప్పుడు పెట్టడం తెలిసింది గానీ, రూమ్‌లో కుళాయి చప్పుడు తగ్గించడం తట్టలేదు.

కిటికీ సంగతికొస్తే శానా చెప్పాల. బిల్డింగ్ ముందు మొఖం పడమరకి, మొత్తం నీలం అద్దాలు. అనంతపురం ఎండలో పడమర గోడకి అద్దాలు ఎవరు పెట్టమన్నారో ఆ దేవుడికే తెలియాల. మధ్యాహ్నం మూడయితే రూము కాలిపోతాది, అందుకని బ్లైండ్లు దించేస్తారు, ఏసీ పెంచేస్తారు, దాంతో అంత పెద్ద కిటికీ ఉండి కూడా పగలంతా ట్యూబులైటే. తెరవడానికి కూడా కాదు, సీల్ చేసినారు. పక్క మంచంలో కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండె, ఆమె గంటకోసారి "యాళెంతయింది మ్మా, తెల్లారిందా" అని మాయమ్మని అడుగుతానే ఉండె, ఒకసారి మధ్యాహ్నం అన్నం తిన్నాక కూడా అదే అడిగింది. వయసు మీదపడినోళ్లకి రాత్రీ పగలూ తేడా తెలియకుండా పోతే కలవరం మొదలవుతుందని డాక్టర్లే చెప్తారు, అందుకే ఐసీయూలో గడియారం కనపడేట్టు పెట్టండి, పగలు వెలుతురు రానీండి అంటారు. ఆ రూమ్‌లో గోడ గడియారం లేదు, ఆస్పత్రి లోగో మాత్రం ఉంది.

మాయమ్మకీ ఆ రూమ్‌లో ఏం పాలుపోలేదు, ఎంతసేపూ నొప్పి, వికారం, ఇంటికి పోదాం పదరా. హెడ్ సిస్టర్‌ని బతిమాలితే వెనక వైపు రూమ్ ఒకటి ఖాళీ అయిందని మార్చింది. అది తూర్పు వైపు, కిటికీ చిన్నదే, కానీ పక్కనే వేపచెట్టు కొమ్మలు, దాని వెనక ఎవరిదో మిద్దె. ఆ మిద్దె మీద ఎవరో వడియాలు పెట్టినారు. అంతే, మాయమ్మకి అదే పని, కాకులు వస్తాయేమో, ఆయమ్మ కావిలి లేకుండా లోపలికి పోయిందే, గుడ్డ కప్పిండొచ్చు కదా, ఇట్ల మాట్లాడుతూ దిండు పెట్టించుకుని కూర్చునింది. నొప్పి మాట తీయలేదు సాయంత్రం దాకా.

ఇదంతా ఉత్త అనుకోవడం అంటారేమో, దీని మీద పరిశోధన ఉంది, అది కూడా కరెక్టుగా గాల్ బ్లాడర్ ఆపరేషన్ పేషెంట్ల మీదే. రోజర్ ఉల్రిక్ అనే ఆయన అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో 1972 నుంచి 1981 దాకా ఉన్న రికార్డులు తీసి చూసినాడు. వయసు, ఆడా మగా లాంటివి సరిపోయేట్టు జతలు కట్టి 46 మందిని తీసుకున్నాడు, 23 మందికి కిటికీలో చెట్లు కనపడేవి, 23 మందికి ఇటుక గోడ. చెట్లు కనపడినోళ్లు కొంచెం ముందే డిశ్చార్జ్ అయినారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడినారు, నర్సులు వాళ్ల గురించి రాసిన నోట్సులో ఏడుపులు, కంప్లయింట్లు తక్కువ. 1984లో సైన్స్ పత్రికలో వచ్చింది. చిన్న స్టడీనే, తేడా కూడా ఒక రోజు కన్నా తక్కువే, పైగా అప్పట్లో పొట్ట కోసి చేసే ఆపరేషన్లు. చెట్టు చూస్తే రాళ్లు కరుగుతాయని నేను అనడం లేదప్పా. మాయమ్మకి ఎట్లాగూ ఆ రోజుకి నొప్పి తగ్గేదే అయ్యుండొచ్చు కూడా. కానీ కిటికీ అవతల చెట్టు పెట్టడానికి అయ్యే ఖర్చెంత, లాబీ ఫౌంటెనుకి అయ్యే ఖర్చెంత?

గాలి సంగతి ఇంకా సీరియస్. పెరూ దేశం లిమాలో ఎనిమిది ఆస్పత్రులు తీసుకుని గాలి ఎంత తిరుగుతుందో కొలిచినారు, 2007లో ఆ పరిశోధన వచ్చింది. 1950కి ముందు కట్టిన పాత వార్డులు, ఎత్తు సీలింగు, పెద్ద కిటికీలు, తెరిచి పెడితే కొత్త రకం బిల్డింగుల కన్నా గాలి ఎక్కువ మారింది, టీబీ అంటుకునే ప్రమాదం అంత తగ్గుతుందని లెక్కగట్టినారు. మన దగ్గర ఓపీ వెయిటింగ్ హాలు చూడండి, దగ్గేవాళ్లు, చంటిపిల్లల తల్లులు, కీమోకి వచ్చినోళ్లు అందరూ ఒకే ఏసీ గాలి పీలుస్తా కూర్చుంటారు, కిటికీ ఒక్కటీ తెరుచుకోదు.

బాత్రూమ్‌కి నేను సున్నా ఇస్తా. గుమ్మం దగ్గర నాలుగు వేళ్ల ఎత్తు గట్టు పెట్టినారు, నీళ్లు బయటికి రాకుండా. సెలైన్ స్టాండు చక్రాలు అక్కడ ఆగిపోతాయి, ఒక చేత్తో స్టాండు ఎత్తాల, ఒక చేత్తో మాయమ్మని పట్టుకోవాల, తలుపు లోపలికి తెరుచుకుంటాది కాబట్టి దాన్ని కాలుతో తొయ్యాల. లోపల పట్టుకోవడానికి కడ్డీ లేదు, మాయమ్మ కుళాయి పట్టుకుని లేచింది. లోపల ఎవరైనా కళ్లు తిరిగి పడితే తలుపుకి అడ్డం పడతారు, అప్పుడు ఆ తలుపు ఎట్ల తెరుస్తారో ఆర్కిటెక్ట్ సార్ వచ్చి చూపించాల. టైల్సు అద్దంలా మెరుస్తాయి, తడిస్తే ఇంక చెప్పేపని లేదు.

చప్పుడు గురించి రెండు మాటలు. చట్టం ప్రకారం ఆస్పత్రి చుట్టూ కనీసం వంద మీటర్లు సైలెన్స్ జోన్ అని ప్రభుత్వం ప్రకటించొచ్చు, అట్లాంటి చోట చప్పుడు పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదని 2000లో వచ్చిన రూల్స్‌లో రాసుంది. బయట ఆటోల హారన్లు సరే, మనూరు సంగతి తెలిసిందే. కానీ లోపల లిఫ్టు రాత్రంతా ఇంగ్లీషులో తలుపు మూస్తున్నా, తలుపు తీస్తున్నా అని అరుస్తా ఉంటే ఎవరికి చెప్పాల? మా మొదటి రూమ్ లిఫ్టు పక్కనే.

అటెండర్ల గురించి, అంటే పేషెంటుతో వచ్చిన మన గురించి, ఈ బిల్డింగుకి అసలు తెలీదు. మన వైపు ఒక మనిషి అడ్మిట్ అయితే ఐదుగురు వస్తారు, ఉరవకొండ నుంచి చూడటానికొచ్చినోళ్లు చూసి పోకుండా రెండు రోజులు ఉంటారు. రూమ్‌లో ఒక్క ప్లాస్టిక్ కుర్చీ. అన్నం తినడానికి జాగా లేదు, మా చిన్నమ్మ తెచ్చిన ఉగ్గాని మేం మెట్ల మీద కూర్చుని తిన్నాం, కిందికి పైకి పొయ్యేవాళ్లకి కాళ్లు ముడుచుకుంటా. బోర్డులన్నీ ఇంగ్లీషులోనే, రేడియాలజీ అని ఇంగ్లీషులో రాస్తే స్కానింగ్ అని ఎవరికి అర్థమైతాది? నేలమీద రంగు గీతలు వేసి, పచ్చ గీత పట్టుకుని పోతే స్కానింగు, ఎర్ర గీత అయితే రక్త పరీక్ష అని చెప్తే చదువు రానోళ్లు కూడా పోతారు. పెయింటు డబ్బా ఖర్చు.

మనకి చేతకాదు అనడానికీ లేదు. ఉమ్మడి జిల్లాలోనే పుట్టపర్తి దగ్గర సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ఉంది, 1991 నవంబరు 22న పి.వి.నరసింహారావు గారు ప్రారంభించినారు, డిజైన్ కీత్ క్రిచ్‌లో అనే బ్రిటిష్ ఆర్కిటెక్టుది. గుమ్మటాలతో, ముందు తోటతో, దూరం నుంచి చూస్తే ఆస్పత్రి అనుకోం. గుండె జబ్బుతో భయపడుతూ వచ్చిన మనిషికి ఆ లోపలికి అడుగుపెడితేనే సగం దడ తగ్గుతాది. అంత స్థలం టౌన్లో ఎవరికీ దొరకదు, ఒప్పుకుంటా. కానీ బాత్రూమ్‌లో కడ్డీ పెట్టడానికి స్థలం ఏం కావాల?

డిశ్చార్జ్ రోజు ఆఫీసులో మేనేజర్ అన్నతో ఇవన్నీ చెప్పినా. మర్యాదగానే విన్నాడు. కిటికీలు తెరిస్తే దుమ్ము, కోతులు, ఏసీ బిల్లు అన్నాడు, దుమ్ము మాట నిజమే, మన గాలుల సంగతి మనకి తెలీదా. మెష్ కొట్టి, పైన సజ్జా దింపి, రోజుకి రెండు గంటలు పొద్దున పూట తెరిస్తే చాలన్నా అంటే రాసుకున్నాడు. బాత్రూమ్ కడ్డీలు మాత్రం ఖచ్చితంగా పెట్టిస్తానన్నాడు. పెట్టినారని ఎవరైనా పోయినోళ్లు కింద రాస్తే ఇంకో స్టార్ కలుపుతా.

మీరు ఇట్లాంటి ఆస్పత్రిలో అడ్మిట్ అయ్యేదుంటే, కౌంటర్లో రూమ్ చెప్పకముందే వెనక వైపు, తూర్పు సైడు, లిఫ్టుకి దూరంగా అని అడగండి. మాకు ముందు వైపు రూమ్‌కీ వెనక రూమ్‌కీ రేటు ఒకటే పడింది, అడిగినోళ్లకే ఇస్తారు.