పెచ్చులూడే సీలింగ్: మరమ్మతు మేలా, ఫాల్స్ సీలింగ్ మేలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో పాతికేళ్లు దాటిన శ్లాబు ఇంట్లోకి వెళ్లి ఒకసారి తలెత్తి చూడండి. ఫ్యాన్ కొక్కెం చుట్టూ పసుపు మరక, దూలం అంచున సన్నటి చీలిక, పొద్దున్న లేచేసరికి దుప్పటి మీద సిమెంటు పొడి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను ముంచెత్తి వెళ్లాక మా వీధిలో చాలామందికి ఇదే టెన్షన్. పాత ప్లాస్టరింగ్ చెక్కించి బాగు చేయించడమా, కింద ఫాల్స్ సీలింగ్ కట్టించి కప్పేయడమా?

కప్పేయడం వైపు మనసు లాగుతుంది. నాలుగైదు రోజుల్లో పని అయిపోతుంది, దుమ్ము తక్కువ, గది కొత్తగా కనిపిస్తుంది. మా అన్నయ్యావాళ్లు అలాగే జిప్సం బోర్డులు వేయించారు. రెండు వానాకాలాలు బాగానే గడిచాయి. మూడో ఏడు దేవుడి గది పక్కన ఒక బోర్డు ఉబ్బి కిందికి జారింది. విప్పి చూస్తే శ్లాబు చువ్వలు బయటపడి ఉన్నాయి. వేలితో గీరితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. వదిన అక్కడే పీట మీద కూర్చుండిపోయింది. అన్నాళ్లూ పిల్లలు దాని కిందే చదువుకున్నారు.

ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. అసలు ఇనుము కంటే తుప్పుకు రెండింతలకు పైనే చోటు కావాలి. ఆ ఒత్తిడికే కింది సిమెంటు పెచ్చులుగా ఊడుతుంది. అంటే పెచ్చు ఊడిందంటే లోపల తడి ఉందని ఇల్లే మనకు చెబుతోంది. జిప్సం తడిస్తే మెత్తబడుతుంది కాబట్టి ఎప్పటికైనా బయటపడుతుంది. పీవీసీ పలకలు తడికి పాడవవు, అందుకే వాటి వెనక కారుతున్న సంగతి ఏళ్ల తరబడి తెలియదు. నాకు వాటి భయమే ఎక్కువ.

అందుకే వాన నేరుగా పడే శ్లాబు కింద మరమ్మతే మేలంటాను. కాకపోతే అది వరుస తప్పకుండా జరగాలి. ముందు డాబా పైన చీలికలు పూడ్చి, నీళ్లు నిలవకుండా వాలు సరిచేసి, వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. మా ఒడియా మేస్త్రి ‘ఛాత’ (డాబా) ఆరిందంటే తప్ప లోపల తాపీ పట్టడు. ఆరిందో లేదో చూడటానికి అడుగు పొడవూ వెడల్పూ ఉన్న పాలిథిన్ కవరును సీలింగ్‌కి నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. కవరు లోపల చెమ్మ పడితే ఇంకా ఆగాలి.

తర్వాత చిన్న సుత్తితో సీలింగంతా తట్టించండి. గట్టిగా ఉన్నచోట ‘టక్’మంటుంది, వదులైన చోట డొల్లగా మోగుతుంది. డొల్లంతా చెక్కేయాలి. చువ్వల తుప్పు వైరు బ్రష్‌తో గీకి, తుప్పు పట్టనివ్వని ప్రైమర్ పూసి, పాతదానికి కొత్తది అతుక్కునేలా చేసే బాండింగ్ రసాయనం కలిపిన సిమెంటు మోర్టార్‌తో పూడ్చి, వారం రోజులు తడపాలి. పుట్టీ చివరి పని. అది పలుచటి పూత మాత్రమే, గుంటలు దానితో నింపితే మళ్లీ ఊడుతుంది. చువ్వలు సన్నబడిపోయి ఉంటే మాత్రం పెయింటర్‌తో అయ్యే పని కాదు, ఇంజనీర్‌కి చూపించాల్సిందే.

ఫాల్స్ సీలింగ్ వద్దే వద్దనడం లేదు. పైన ఇంకో అంతస్తు ఉండి, దాని బాత్రూమ్ మన నెత్తి మీద లేకపోతే, కింది హాల్లో జిప్సం చక్కగా నిలుస్తుంది. గది ఎత్తు అర అడుగు వరకూ తగ్గుతుందని గుర్తుంచుకోండి. ఫ్యాన్ మాత్రం శ్లాబు కొక్కేనికే వేలాడాలి. ఒక మూలన తీసి చూసుకునే మూత పెట్టమనండి.

గుమ్మాలు, కిటికీల విషయంలో నాకు సందేహం లేదు. పాత టేకు, సాల కర్ర ద్వారబంధాలు గట్టిగా ఉంటే లప్పం పెట్టి, ఎమెరీ పేపర్ పట్టి, ఎనామిల్ వేస్తే చాలు. స్క్రూడ్రైవర్ మొన సులువుగా దిగిపోతే చెక్క లోపల పాడైనట్టే, అక్కడ మార్చక తప్పదు. చెక్కకూ గోడకూ మధ్య బీటలో సిమెంటు కూరితే మళ్లీ విడిపోతుంది, సాగే సీలెంట్ వేయించండి.

ఈ పనులన్నీ సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి. ఎండలకు శ్లాబు బాగా ఆరుతుంది, జూన్ వానలు మొదలయ్యేలోగా పైనా లోపలా రెండూ పూర్తవుతాయి.