అరసవల్లి నుంచి ఏడు రోడ్ల దాకా తిరిగే కారుకి ఒక మెకానిక్

శ్రీకాకుళంలో బలగ వైపు వెళ్లే దారిలో వేపచెట్టు కింద రేకుల షెడ్డు ఒకటుంది. బోర్డు లేదు, కుర్చీ లేదు. పోయిన నెల ఆయిల్ మార్పించుకుందామని అక్కడికి వెళ్లాను. గంటలో అయిపోతుందనుకున్న పనికి మూడు గంటలు నిలబెట్టారు. అయినా ఈ నాలుగు ముక్కలు మెచ్చుకుంటూనే రాస్తున్నాను.

నాది 2009 వ్యాగనార్, సెకండ్ హ్యాండ్. ఇల్లు అరసవల్లిలో, మందుల షాపు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తాను కాబట్టి రోజుకి నాలుగు ట్రిప్పులు, ఒక్కోటి రెండు కిలోమీటర్ల చిల్లర. ఇంత తక్కువ తిరిగే బండికి అరుగుదల ఏముంటుందిలే అని ధీమాగా ఉండేవాణ్ణి. కానీ మా బావమరిది టాక్సీ రోజూ విశాఖ వెళ్లొస్తూ రెండు లక్షల కిలోమీటర్లు దాటినా గుట్టుగా తిరుగుతోంది. నాదేమో 70 వేలకే పొద్దున్నే టకటకమని వీధంతా లేపుతోంది.

అంతకుముందు ఒక పెద్ద సర్వీస్ సెంటర్లో చూపిస్తే, ఆయిల్ మార్చి, బండి కడిగి, "ఆల్ ఓకే సార్" అని కాగితం చేతికిచ్చారు. ఈ మెకానిక్ గారు ఆయిల్ పోసే మూత తిప్పి, వెనక్కి తిరగేసి నాకు చూపించారు. లోపల లేత పసుపు రంగు జిగురు, పాల మీద మీగడలా పేరుకుని ఉంది. ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. పెట్రోలు వాసన!

"ఎన్నాళ్లయినా ఆయిల్ లెవెల్ తగ్గట్లేదండీ" అని నేను గొప్పగా చెప్పాను.

"తగ్గదు డాక్టరు గారూ, పెట్రోలు దిగి నిండిపోతంది కదా" అన్నారాయన. మందుల షాపు వాళ్లందరూ మా ఊళ్లో డాక్టర్లే.

తర్వాత రేడియేటర్ పై గొట్టం ఊడదీసి చూసి తల పట్టుకున్నారు. "వాల్వు తీసీసినారండి బాబూ!" ఆయన అన్నది థర్మోస్టాట్ గురించి. రెండేళ్ల క్రితం కారు ఒకసారి వేడెక్కితే వేరే మెకానిక్ ఎవరో దాన్ని పీకేసి, "మన ఎండలకి ఇది అక్కర్లేదు" అని చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అప్పట్నుంచి టెంపరేచర్ సూది పావు దాటి లేవలేదు. చల్లగా నడుస్తోందని నేను సంతోషించాను కూడా.

కొత్త వాల్వు తెప్పించాక ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది. పక్క టీ కొట్టు నుంచి గిన్నెలో మరిగే నీళ్లు తెప్పించి వాల్వుని అందులో వేశారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత మధ్యలో ఉన్న రేకు నెమ్మదిగా లేచింది. దాని మీద 82 అని అచ్చు ఉంది, అది తెరుచుకునే డిగ్రీలు. లోపలుండే మైనం ఆ వేడికి కరిగి ఉబ్బి తలుపు తోస్తుంది. అప్పటిదాకా నీటిని రేడియేటర్లోకి పోనివ్వదు, ఇంజను తొందరగా కాగడానికే. పార్టు బిగించే ముందు పరీక్ష చేసి చూపించిన మెకానిక్‌ని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఫార్మసీ చదువుకున్నవాణ్ణి కాబట్టి మిగతా లెక్క నాకే అర్థమైంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఎక్కువ భాగం సైలెన్సర్ లోంచి పోతుంది, కొద్దిగా మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిల్‌లోకి జారుతుంది. ఆయిల్ బాగా కాగితే అది ఎగిరిపోతుంది. కాగకపోతే చెమ్మగా నిలిచి, ఆయిల్‌తో చిలికినట్టు కలిసి ఆ మీగడవుతుంది. చెమ్మతో పాటు ఆమ్లాలూ చేరి బేరింగుల్ని, సిలిండర్ గోడల్ని తినేస్తాయి. పైగా ఇంజను చల్లగా ఉందని సెన్సర్ చెప్పేసరికి కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఆ పెట్రోలు గోడల మీది ఆయిల్ పొరని కడిగేసి కిందికి దిగి, ఉన్న ఆయిల్‌ని పలచన చేస్తుంది. నీళ్లు కలిపిన దగ్గు సిరప్‌లా.

టకటక పోతుందేమోనని 20డబ్ల్యూ-50 రకం ఆయిల్ పోయమన్నాను, చిక్కగా ఉంటుంది కదా అని. ఆయన ఒప్పుకోలేదు. మాన్యువల్ అడిగి, అందులో ఉన్న, దానికన్నా పలచనైన 10డబ్ల్యూ-30 పోశారు. చిక్కటి ఆయిల్ పొద్దున్నే ఇంజను పైదాకా ఎక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ కాసేపే ఇనుము ఇనుముని గీకుతుంది. మనకి 30 డిగ్రీలంటే ఉక్కపోత గానీ, 90 దగ్గర పనిచేయాల్సిన ఇంజనుకి అది చలే. మూడున్నర లీటర్ల డబ్బాలో మిగిలింది మూత బిగించి నాకే ఇచ్చేశారు.

ఇంకో నిజం కూడా దాచకుండా చెప్పారు. వాల్వు పెట్టినా రెండు కిలోమీటర్లకి ఆయిల్ కాగదట. సూది మధ్యకి వచ్చాక కూడా ఆయిల్ కాగడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. అందుకని వారానికోసారి అరగంట ఆపకుండా తోలమన్నారు, కిలోమీటర్లు చూడకుండా ఆరు నెలలకోసారి ఆయిల్ మార్చమన్నారు. మా భాషలో ఎక్స్‌పైరీ డేట్ అన్నమాట.

లోపాలూ ఉన్నాయి. ఫోన్ ఎత్తరు. బిల్లు సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చారు. పాత ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టుకి వాషర్ పాతదే వేయడంతో మర్నాడు ఇంటి ముందు నల్లటి చుక్కలు కనిపించాయి. మళ్లీ వెళ్తే డబ్బులు తీసుకోకుండా మార్చారు గానీ, ఆ పూట షాపు ఆలస్యంగా తీశాను. దానికి ఒక స్టార్ కోత. అయిదుకి నాలుగు.

ఇప్పుడు సూది సగానికి వచ్చి ఆగుతోంది. టకటక పూర్తిగా పోలేదు, అరిగింది తిరిగి రాదు కదా. ఆదివారాలు కళింగపట్నం బీచ్ దాకా తోలుతున్నాను. "కారు కోసమా, చేపల కోసమా?" అని మా ఆవిడ అడుగుతోంది. నిన్న మూత తీసి వేలితో తుడిచి చూశాను. మీగడ లేదు, తేనె రంగు ఆయిల్ మాత్రం అంటింది.