సంపు కాపలాకి ఫరెవర్: మూడేళ్లు వాడాక

మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌కి మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఏ వేళకి వదులుతారో చెప్పలేం. సంపు నిండగానే మోటార్ వేసి పైట్యాంకుకి ఎక్కిస్తేనే మిగతా నీళ్లు పడతాయి. అందుకని సంపు మూత కింద అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగించి, 'రాస్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి కలిపి, నోడ్‌లో (జావాస్క్రిప్ట్ కోడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) చిన్న స్క్రిప్ట్ రాశాను. మట్టం పెరగడం మొదలైతే టెలిగ్రామ్ గ్రూపులో మెసేజ్ పడుతుంది. స్క్రిప్ట్ అరవై లైన్లే గానీ రాత్రింబగళ్లు నడవాలి. ఆ పని ఫరెవర్‌కి, అంటే స్క్రిప్ట్ ఆగిపోతే మళ్లీ నడిపించే ప్రోగ్రామ్‌కి, అప్పజెప్పి మూడేళ్లయింది.

పెట్టుకోవడం తేలిక. ఎన్‌పీఎంతో (నోడ్ ప్యాకేజీలు దించుకునే టూల్) ఇన్‌స్టాల్ చేసి, 'ఫరెవర్ స్టార్ట్' పక్కన ఫైల్ పేరు కొడితే చాలు, టెర్మినల్ మూసేసినా నడుస్తూనే ఉంటుంది. 'ఫరెవర్ లిస్ట్' కొడితే ఏది ఎంతసేపటి నుంచి నడుస్తోందో, లాగ్ ఎక్కడుందో కనిపిస్తుంది. స్క్రిప్ట్ పడిపోతే వెంటనే లేపుతుంది. నోడ్ 15 నుంచి మనం పట్టించుకోని ప్రామిస్ ఎర్రర్ (జవాబు తర్వాత రావాల్సిన పని విఫలమైతే వచ్చేది) ఒక్కటి చాలు, ప్రాసెస్ మొత్తం ఆగిపోతుంది. నాలాంటి బద్ధకస్తుడికి ఫరెవర్ ఇలా లేపడం బాగా అక్కరకొచ్చింది.

తిప్పలు పెట్టింది కరెంటు. పోయి వచ్చాక ఫరెవర్ తనంతట తాను లేవదు. క్రాన్‌లో (చెప్పిన వేళకి పనులు నడిపే లినక్స్ ఏర్పాటు) రీబూట్ లైన్ రాసి, నోడ్ ఎక్కడుందో పూర్తి పాత్ ఇవ్వాలి. అదీ చేశాను. అయినా ఓ మే నెల గాలివాన తర్వాత స్క్రిప్ట్ లేవలేదు. కారణం పట్టుకోవడానికి ఆదివారం మొత్తం పోయింది. బోర్డు, వైఫై రూటర్ ఒకేసారి ఆన్ అవుతాయి. రూటర్‌కి నెట్ రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఈలోపు స్క్రిప్ట్ టెలిగ్రామ్ దొరక్క సెకనులోపే చచ్చిపోతోంది. 1000 మిల్లీసెకన్లు కూడా నిలవని స్క్రిప్ట్‌ని ఫరెవర్ మళ్లీ లేపదు. ఈ సంగతి స్టార్ట్ చేసిన ప్రతిసారీ స్క్రీన్ మీద చెబుతూనే ఉంది, చదవనిది నేనే. మళ్లీ లేపే ముందు ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలో చెప్పే స్పిన్‌స్లీప్‌టైమ్ 10000 ఇచ్చాక పది సెకన్లకోసారి లేపి చూస్తోంది. లాగ్ ఫైల్ పేరు మీరే ఇస్తే 'మైనస్ ఎ' (పాత లాగ్‌కే కలపమని) కూడా చేర్చండి, లేకపోతే పాత లాగ్ ఉందని మొరాయిస్తుంది.

అసలు దెబ్బ వేరే ఉంది. ఓ తెల్లవారుజామున వాచ్‌మన్ తలుపు కొట్టి, "సార్, నీళ్లొచ్చి పోయినయ్, మీ మెసేజే రాలే" అన్నాడు. లిస్ట్ చూస్తే పదకొండు రోజులుగా హాయిగా నడుస్తోంది! టెలిగ్రామ్‌కి పంపిన ఓ రిక్వెస్ట్ జవాబు రాక ఇరుక్కుపోయింది. ఇంతసేపట్లో జవాబు రాకపోతే వదిలెయ్యమనే టైమౌట్ నేను పెట్టలేదు. ప్రాసెస్ బతికుంటే ఫరెవర్‌కి చాలు, అది పని చేస్తోందా అని అడగదు. ఆ రోజు ట్యాంకర్ డబ్బులు నా జేబులోంచే పోయాయి, మొహమాటం కొద్దీ. ఇప్పుడు ఐదు నిమిషాలు రీడింగ్ రాకపోతే స్క్రిప్ట్ తనే ఎగ్జిట్ అయిపోతుంది. చచ్చినదాన్ని లేపడం ఫరెవర్‌కి బాగా వచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇలాంటి పనే చేసే పీఎం2 గానీ నోడ్‌మాన్ గానీ వాడమని ఫరెవర్ రీడ్‌మీలోనే (దానితో వచ్చే పరిచయ పత్రం) రాసి ఉంది. నన్నడిగితే, లినక్స్‌లో ఎలాగూ ఉండే, సర్వీసుల్ని నడిపించే సిస్టమ్‌డీ చాలు: రీబూట్ తర్వాత అదే లేపుతుంది, క్రాన్ గొడవ లేదు. నేనూ మారాలి. కానీ ఎండాకాలంలో నడుస్తున్న సంపు స్క్రిప్ట్ మీద చెయ్యి వేస్తే వాచ్‌మన్ ఊరుకోడు.