జకాత్ చేరవేసే సేవలు: లెక్క సులువే, చేర్చడంలోనే తేడా

ముస్లింలు తమ సంపదలోంచి ఏటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం జకాత్. దాన్ని లెక్కగట్టి, వసూలు చేసి, పేద కుటుంబాలకు అందించే సేవలు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అంకె కొడితే చాలు, రసీదు వచ్చేస్తుంది. తేడా తెలియాలంటే కాస్త లోపలికి వెళ్లి చూడాలి.

ముందు క్యాలిక్యులేటర్ సంగతి. దాచుకున్నది 2 లక్షలు, అమ్మకానికున్న సరుకు లక్షన్నర, తప్పకుండా వచ్చే బాకీ 50 వేలు, వెంటనే తీర్చాల్సిన అప్పు 40 వేలు అనుకుందాం. నికరం 3,60,000. అందులో నలభయ్యో వంతు, అంటే 9,000 జకాత్. ఉంటున్న ఇల్లు, తిరిగే బండి, పనిముట్లు లెక్కలోకి రావు. సరుకుకు కొన్న ధర కాకుండా ఈ రోజు అమ్ముడుపోయే ధర వేయాలి. చాలా క్యాలిక్యులేటర్లు ఈ మాట చెప్పవు. ఇరవై ఏళ్ల ఇంటి అప్పు మొత్తాన్నీ తీసేయనిచ్చేవీ ఉన్నాయి. అలా చేస్తే ఉన్నవాడు కూడా కాగితం మీద పేదవాడైపోతాడు. ప్రస్తుతం కట్టాల్సిన వాయిదాలే తీసేయాలన్నది చాలామంది పండితుల మాట. ఇంకోటి, నలభయ్యో వంతు, అంటే రెండున్నర శాతం అన్నది మామూలు ఏడాది కంటే కాస్త పొట్టిదైన ఇస్లామీ చాంద్రమాన సంవత్సరానికి. మామూలు క్యాలెండర్ ప్రకారం ఏడాది లెక్కేస్తే 2.577 శాతం, పై లెక్కలో 9,277. ఈ రెండింటికీ వేర్వేరు బటన్లు పెట్టిన సేవకు ఒక మార్కు ఎక్కువే వేయొచ్చు.

జకాత్ తప్పనిసరి అయ్యే కనీస సంపద కొలతను నిసాబ్ అంటారు. దాని దగ్గర జాగ్రత్త. బంగారం 85 గ్రాములని కొందరు, ఏడున్నర తులాలని కొందరు అంటారు. ఆ తులం పాత తులం, 11.664 గ్రాములు. అంటే 87.48 గ్రాములు. పది గ్రాముల తులం వేసుకుని 75 అనుకుంటే లెక్క తప్పుతుంది. వెండి అయితే 595 లేదా 612 గ్రాములు. వెండి కొలత పెడితే ఇచ్చేవాళ్లు పెరుగుతారు, బాగానే ఉంది. కానీ హనఫీ పద్ధతిలో (సున్నీ ముస్లింల ధర్మశాస్త్ర పద్ధతుల్లో ఒకటి, షాఫియీ, మాలికీ కూడా అలాంటివే) పుచ్చుకునేవాళ్ల అర్హతను తేల్చేదీ ఆ కొలతే. మెడలో రెండు తులాల గొలుసు, చేతిలో కాస్త నగదు ఉన్న వితంతువు ఇంట్లో బియ్యం నిండుకున్నా జాబితాలోంచి జారిపోతుంది. ఆమె అప్పులను, అద్దె బకాయిని ముందు తీసేసి చూస్తే మళ్లీ అర్హురాలు కావచ్చు. దరఖాస్తులో అప్పుల గడి లేని సేవ ఇక్కడే దెబ్బతింటుంది. ఖుర్ఆన్ (9:60) చెప్పిన ఎనిమిది వర్గాల్లో అప్పులపాలైనవారూ ఉన్నారు మరి.

ఇక పంపిణీ. జకాత్ సొమ్ము పేదవాడి సొంతం కావాలి. హనఫీ పండితులు దీన్ని గట్టిగా పట్టుకుంటారు. వండి, కూర్చోబెట్టి వడ్డిస్తే వాళ్ల దృష్టిలో జకాత్ తీరదు, అదే పొట్లం కట్టి చేతిలో పెడితే తీరుతుంది. బావి తవ్వడం, మసీదు కట్టడం లాంటివి సదకాతోనో (ఇష్టపూర్వకంగా ఇచ్చే దానం) వక్ఫ్‌తోనో (ధర్మకార్యాలకు శాశ్వతంగా రాసిచ్చిన ఆస్తి) చేసుకోవాలి. అందుకే జకాత్‌కు, సదకాకు విడి ఖాతాలు ఉన్నాయో లేదో ముందే అడగండి. నగదు ఇచ్చే సేవలకే మా ఓటు. అద్దె కట్టాల్సిన ఇంటికి రేషన్ కిట్ వెళితే, ఆ కిట్టు సగం ధరకు అమ్ముడుపోతుంది. మందులు కొనాల్సిన ఇంట్లోనూ అంతే. పుచ్చుకునేవారికి ఇది జకాత్ అని చెప్పాల్సిన అవసరం కూడా లేదు. మరి ముఖం కనిపించేలా ఫొటో ఎందుకు?

సేవలు తమ ఖర్చులకు కొంత కోసుకోవడం తప్పు కాదు, వసూలు చేసి పంచేవారికి వాటా పైన చెప్పిన ఖుర్ఆన్ వాక్యంలోనే ఉంది. షాఫియీ పద్ధతిలో అది ఎనిమిదో వంతు దాటకూడదు. ఎంత కోస్తున్నారో డబ్బు కట్టేముందే కనిపించాలి. రసీదు వచ్చిందంటే బాధ్యత తీరిపోయినట్టు కాదు. సంస్థ మీ తరఫు ప్రతినిధిగా పనిచేస్తుంటే, డబ్బు పేదవారి చేతికి చేరినప్పుడే తీరుతుంది. కాబట్టి 'అందింది' అన్న తేదీ కూడా అడగండి. రంజాన్‌లో వరదలా వచ్చే డబ్బు బడి ఫీజుల నెలకు ఎండిపోతుంది. ముందస్తుగా నెలనెలా కట్టి, ఏడాది చివర్లో సరిచూసుకునే వీలు ఇచ్చే సేవలు దీనికి మంచి మందు. మాలికీ పద్ధతి పాటించేవారు మాత్రం ముందు తమ పండితుణ్ణి అడగాలి.

రంజాన్ పండుగకు ఇంట్లో ఒక్కొక్కరి తరఫున ఇచ్చే దానమైన ఫిత్రా సంగతి వేరు. చాలామంది పండితుల లెక్కలో మనిషికి ఒక సా (పాతకాలపు కొలత), సుమారు రెండున్నర నుంచి మూడు కిలోల ధాన్యం. పండుగ నమాజు లోపే ఇవ్వాలి, దాటితే మామూలు సదకా కిందికి పోతుంది. అర్ధరాత్రి దాకా 'ఇప్పుడే చెల్లించండి' అని మెసేజ్‌లు కొట్టే సేవ తెల్లారేలోగా దాన్ని ఎన్ని ఇళ్లకు చేర్చగలదు? ఎన్ని గంటలకు తీసుకోవడం ఆపేస్తారో రాసిపెట్టిన చోటే కట్టండి.