రోమ్‌లో ‘దేవుళ్లయిన పిల్లల’ టూర్: వెళ్లొచ్చా?

చక్రవర్తుల ఇళ్లలో పుట్టి, చిన్నతనంలోనే పోయి, ఆ తర్వాత అధికారికంగా దేవుళ్లయిపోయిన పిల్లల మీద రోమ్‌లో ఒక టూర్ ఉందంటే బుక్ చేసేశాను. పాత నాణేల పిచ్చి నాది. మా ఆవిడకు ఆ నాణేలంటేనే చిరాకు, అయినా ఆవిడకూ నచ్చింది. నేనిచ్చే రేటింగ్ కంటే అదే పెద్ద సర్టిఫికెట్.

మొదటి సగం ఫోరమ్‌లో, అంటే పాత రోమ్ నడిబొడ్డు శిథిలాల్లో. టికెట్ మనమే విడిగా కొనుక్కోవాలి, టూర్ డబ్బుల్లో కలవదు. సెనేట్ భవనం ముందు నిలబెట్టి గైడ్ నీరో చక్రవర్తి కూతురి సంగతి చెప్పింది. క్రీ.శ. 63 జనవరిలో ఆంటియంలో, అంటే ఇప్పటి ఆంజియోలో, నీరో భార్య పొప్పయాకు పాప పుట్టింది. నీరో తల్లికీ బిడ్డకీ కలిపి ఆగస్టా అనే రాజవంశ స్త్రీల బిరుదిచ్చేశాడు. నాలుగు నెలలు నిండకుండానే పాప పోయింది. సెనేట్ ఆమెను దేవతగా ప్రకటించి గుడి, పూజారి అన్నీ మంజూరు చేసింది. పాపం, ఆ సెనేటర్లకు మాత్రం దారేముంది? నీరో ఏడుస్తుంటే కాదన్నవాడి గతి ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

ఇక అసలు విషయం. గైడ్ సంచిలోంచి నకలు నాణేలు తీసి చేతికిస్తుంది. వాటిలో డొమీషియన్ చక్రవర్తి కొడుకుది చూడాలి. ఒకవైపు తల్లి డొమీషియా, జుట్టు ఎత్తుగా దువ్వి ఉంటుంది. తిప్పితే గోళం మీద కూర్చున్న బట్టల్లేని పసివాడు, రెండు చేతులూ చాచి, చుట్టూ ఏడు నక్షత్రాలు. గోళమంటే లోకం, బొమ్మబంతి కాదు. కానీ శిల్పి ఆ బుజ్జి పొట్టనూ మడతపడ్డ కాళ్లనూ ఎంత ముద్దుగా చెక్కాడంటే, లోకం సంగతి మర్చిపోయి పిల్లాణ్ణే చూస్తాం. ‘దివ్య సీజర్, డొమీషియన్ చక్రవర్తి కుమారుడు’ అని చుట్టూ రాసి ఉంటుంది. సొంత పేరు లేదు! నాణెం వేసేనాటికి పిల్లాడు లేడు, తండ్రి పేరు మాత్రం పూర్తిగా ఉంది. ఈ పిల్లాడి గురించే ఒక మంచు కథ కూడా గైడ్ చెప్పింది: డొమీషియన్ వేడుక చూస్తుండగా మంచు పడిందట, ఆయన కదల్లేదట. ఆ మంచు పైనుంచి పిల్లాడు ఆడుకుంటూ విసురుతున్నదే అయ్యుంటుందని కవి మార్షల్ రాశాడు. కాకాపట్టడమే, అయినా వింటే గొంతు పట్టేసింది.

తర్వాత ఫోరమ్‌లోనే ‘రోములస్ గుడి’. ఈ రోములస్ రోమ్ కట్టినవాడు కాదు, మాక్సెన్షియస్ చక్రవర్తి కొడుకు, 309లో పోయాడు. కంచు తలుపులు, వాటి తాళం ఆనాటివే, తప్పక చూడండి. కానీ ఇది ఆ పిల్లాడి గుడేనని గైడ్ ఢంకా బజాయించి చెప్పడం నాకు నచ్చలేదు. పండితుల్లో దీని మీద ఏకాభిప్రాయం లేదు. ‘అంటారు’ అని ఒక్క మాట కలిపితే ఏం పోయింది?

రెండో సగం 118 నంబరు బస్సెక్కి రోమన్ల కాలపు ఆపియా రోడ్డు మీద మాక్సెన్షియస్ విల్లాకు. లోపల జనం పలచన. రోములస్ సమాధి గుండ్రటి కట్టడం, దాని ముందుభాగాన్ని తర్వాతి కాలపు ఇల్లొకటి కప్పేసింది. నేలమాళిగలో మధ్యన లావుపాటి స్తంభం, చుట్టూ తిరిగే వసారా, గోడల్లో గూళ్లు. పక్కనే సుమారు 500 మీటర్ల రథాల పందెపు మైదానం. దాని కమాన్ల కాంక్రీటులో బరువు తగ్గడానికి మట్టికుండలు పెట్టారు, విరిగినచోట వాటి పొట్టలు కనిపిస్తాయి. ఇక్కడ 1825 తవ్వకాల్లో దివ్య రోములస్ పేరున్న శాసనం దొరికాకే ఇది మాక్సెన్షియస్ కట్టించిందని తేలింది, అంతకుముందు కారకల్లా చక్రవర్తిది అనుకునేవారు.

ఇక్కడే గైడ్ ఒక మంచి ముడి చెప్పకుండా వదిలేసింది. ఈ మైదానం మధ్యలో నిలబెట్టిన ఒబెలిస్క్, అంటే కొనదేలిన రాతి స్తంభం, ఇప్పుడు రోమ్‌లోని నవోనా చౌకులో శిల్పి బెర్నీని ఫౌంటెన్ మీద ఉంది. దాని మీది ఈజిప్టు చిత్రలిపిలో ఉన్న పేరు ఎవరిదో కాదు, డొమీషియన్‌ది. కొడుకును దేవుణ్ణి చేసిన ఒక తండ్రి రాయిని, కొడుకును దేవుణ్ణి చేసిన ఇంకో తండ్రి తెచ్చి పెట్టుకున్నాడన్నమాట. టూరంతా దీని మీదే అల్లొచ్చు! గైడ్ అప్పటికే గడియారం చూసుకుంటోంది. ఇలాగే దేవుడైన, కారస్ చక్రవర్తి మనవడు నిగ్రినియానస్ పేరు కూడా ఎత్తలేదు. నాణేలు, ఒక శాసనం తప్ప ఆ పిల్లాడి ఆనవాళ్లే లేవు, రెండు నిమిషాలు చాలేది.

ఐదుకు నాలుగిస్తాను. తగ్గించింది తొందరకూ, ఆ గుడి విషయంలో మొండి ధీమాకూ. నాణెం చేతిలో పెట్టి మాట్లాడే పద్ధతికి మాత్రం పూర్తి మార్కులు. సోమవారం విల్లా మూసి ఉంటుంది, మిగతా రోజుల్లోనూ సాయంత్రం పెందలాడే కట్టేస్తారు, పొద్దున బ్యాచ్ తీసుకోండి. ఆపియా రోడ్డు రాళ్లు ఎగుడుదిగుడు, చెప్పులతో వెళ్లకండి.